దున్నేవాడి పేరు రాసిందెవరు

1950 జూన్ 10న హైదరాబాదు రాష్ట్రంలో కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం అమల్లోకి వచ్చింది. ఆ ఏటి చట్టాల్లో అది 21వది. అందులోని 34వ సెక్షన్ ‘రక్షిత కౌలుదారు’ అనే హోదాను నిర్వచించింది. నిజాం రాజ్యపు రెవెన్యూ సంవత్సరమైన ఫసలీ లెక్కలో 1342 నుంచి 1352 వరకు నడిచిన కాలంలో వరసగా ఆరేళ్లు గాని, 1948 జనవరి 1కి ముందు వరసగా ఆరేళ్లు గాని, 1943 అక్టోబరు తర్వాత మొదలై చట్టం వచ్చేనాటికి నిండిన ఆరేళ్లు గాని ఒక భూమిని కౌలుకు చేసుకున్నవాడు ఆ హోదాకు అర్హుడు. అతని పేర పట్టా ఉండనక్కర్లేదు. కౌలు దస్తావేజు రిజిస్టరై ఉండనక్కర్లేదు. భూస్వామి ఒప్పుకోవలసిన పనీ లేదు. ఆరేళ్లు దున్నాడా లేదా అన్నదొక్కటే చూడాలి. దున్నాడని తేలితే, తహసీల్దారు ఉత్తర్వు లేకుండా అతన్ని ఆ భూమి మీంచి లేపే అధికారం ఎవరికీ లేదు.

తెలుగు నేల మీద కౌలుకు చేసుకునేవాడికి ఇంత సూటిగా, ఇంత తక్కువ షరతులతో రక్షణ ఇచ్చిన చట్టం దానికి ముందు లేదు, తర్వాతా రాలేదన్నది నా అంచనా. అయినా నాలుగేళ్లు తిరిగేసరికి ఆ హోదా పొందినవాళ్లలో సగానికి పైగా దాన్లో మిగల్లేదు. చట్టం బలహీనమైనదని చెప్పి ఊరుకోవడం తేలిక. నాకు కనిపించే కారణం వేరు. ఒక మనిషి ఆరేళ్లు దున్నాడన్న నిజం రాజధానిలో ఉండదు, ఊళ్లో ఉంటుంది. పట్వారీ రాసే పహాణీలో, పక్క చేను రైతు చెప్పే సాక్ష్యంలో, గిర్దావరు పంట చూడ్డానికి వచ్చిన రోజున గట్టు మీద నిలబడ్డ మనిషిలో ఉంటుంది. ఆ నిజాన్ని ఎవరు రాస్తారు, ఎవరు రాయిస్తారు, రాసినదాన్ని ఎవరు నిలబెడతారు అన్నదాన్ని బట్టే దున్నే హక్కు కొన్నిచోట్ల నిలిచింది, కొన్నిచోట్ల కూలిపోయింది.

ఈ తగవు తెలంగాణ కంటే ముందు కోస్తాలో ముదిరింది. 1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చి జమీందారులకు సన్నదులిచ్చింది. జమీందారు కట్టవలసిన పేష్కష్ ఎప్పటికీ మారకుండా నిర్ణయమైంది. రైతు జమీందారుకు కట్టవలసినది మాత్రం అలా స్థిరపడలేదు. అదే ఏడాది వచ్చిన మరో రెగ్యులేషన్ కరణాన్ని నియమించే పనిలో జమీందారుకు ప్రధానమైన చోటిచ్చింది. అంటే ఎవరు ఏ చెక్క దున్నుతున్నారో, ఎంత కట్టారో లెక్క రాసే మనిషి, ఆ లెక్కతో లాభమో నష్టమో పొందే మనిషి నీడలో ఉన్నాడు. 1894లో ఎస్టేటు గ్రామాల ఉద్యోగుల చట్టం వచ్చేదాకా ప్రభుత్వం ఈ ఏర్పాటులో గట్టిగా చెయ్యి పెట్టలేదు. భూచరిత్ర రాసేవాళ్లు 1908 చట్టాన్ని తలుస్తారు, 1894 చట్టాన్ని అంతగా తలవరు. నా దృష్టిలో మొదటిది పనిచేయడానికి రెండోది కొంత దారి వేసింది.

జమీందారీ రైతు ఏడాదికేడాది ఉండే కౌలుదారా, లేక భూమిలో తనకంటూ శాశ్వతమైన హక్కు ఉన్నవాడా అన్న ప్రశ్న 19వ శతాబ్దమంతా కోర్టుల్లో నలిగింది. గంజాం జిల్లాలోని చీకటి జమీందారీ నుంచి వచ్చిన కేసులో 1899లో మద్రాసు హైకోర్టు తేల్చి చెప్పింది. న్యాయమూర్తి సుబ్రహ్మణ్య అయ్యర్ అందులో రాసిన వాదం తర్వాతి చట్టాలకు పునాది అయింది. జమీందారుకు ఉన్నది పంటలో మేల్వారం, అంటే రాజభాగం వసూలు చేసుకునే హక్కు. సాగు చేసే హక్కు, కుడివారం, రైతుది. అది జమీందారు ఇచ్చింది కాదు, సన్నదుకు ముందు నుంచీ ఉన్నది. కాబట్టి రైతును కౌలుదారుగా భావించి ఖాళీ చేయమనడం కుదరదు.

తొమ్మిదేళ్లకు ఈ సూత్రమే మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టంగా రూపు కట్టింది. 1908లో వచ్చిన ఆ 1వ నంబరు చట్టంలో 6వ సెక్షన్ గుండెకాయ. చట్టం వచ్చేనాటికి రైతు భూమి ఎవరి స్వాధీనంలో ఉందో వారికి దాని మీద శాశ్వత ఆక్రమణ హక్కు ఉంటుంది. ఆ హక్కు వారసులకు సంక్రమిస్తుంది, అమ్ముకోవచ్చు కూడా. ఈ హక్కు నాకొద్దని రైతు చేత జమీందారు ముందే కాగితం రాయించుకుంటే ఆ కాగితం చెల్లదు. ఈ చివరి నిబంధన రాసినవాళ్లకు ఊళ్ల సంగతి తెలుసు. బలవంతంగా రాయించుకున్న ముచ్చిలికాల కట్టలు జమీందారీ కచేరీల్లో పేరుకుని ఉన్నాయని వారికి తెలుసు.

అయితే చట్టంలో ఒక తలుపు తెరిచే ఉంది. జమీందారు సొంత భూమికి ఈ హక్కు వర్తించదు. కమతం అన్నా, సేరీ అన్నా, అది జమీందారు తన పాలేళ్లతో, కూలివాళ్లతో చేయించుకునే సేద్యం. చట్టానికి ముందు వరసగా 12 ఏళ్లు అలా సాగు చేయించినట్టు రుజువైతే అది సొంత భూమి. రుజువు కాకపోతే రైతు భూమే అని భావించాలి. రుజువు చేసే బరువు జమీందారు మీదే పెట్టడం మేలైన పని. కానీ రుజువు దేనితో అవుతుంది? కరణం లెక్కలతో. అందుకే 1908 తర్వాత అనేక ఎస్టేట్లలో జరిగిన పోరు ‘ఇది కమతమా, రైతు భూమా’ అన్న ఒక్క పదం చుట్టూ తిరిగింది. ఒక చెక్కను ఒకే రైతు చేతిలో ఉంచకుండా ఏటా మార్చడం, కొత్తగా చేరేవాడి చేత ఇది కమతమేనని రాయించుకోవడం సాధారణ ఎత్తుగడలయ్యాయి. సర్వే చేయించి హక్కుల రికార్డు తయారు చేయించుకునే అధ్యాయం ఒకటి చట్టంలోనే ఉంది. దాన్ని అమలు చేయమని రైతులు అడిగారు, జమీందారులు ఖర్చు చూపించి వెనకాడారు. చదవడం వచ్చిన రైతు కొడుకు ఒకడు ఊళ్లో ఉంటే ఆ ఊరు అర్జీ పెట్టగలిగింది.

1920ల చివరి నుంచి రైతు సంఘాలు ఈ పని చేపట్టాయి. ఎన్.జి. రంగా నిడుబ్రోలు కేంద్రంగా రైతు కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు. వెంకటగిరి ఎస్టేటు రైతుల తరఫున నెల్లూరు వెంకట్రామానాయుడు నిలబడ్డారు. నెల్లూరు నుంచి వెలువడిన ‘జమీన్ రైతు’ వారపత్రిక ఆ పోరుకు గొంతు. సభలు, తీర్మానాలు, ఊరేగింపుల గురించి చాలా రాశారు. వాటికంటే తక్కువగా చెప్పుకున్నది ఆ కార్యకర్తలు రైతులకు నేర్పిన మామూలు పని: శిస్తు కట్టినప్పుడు రశీదు అడగడం, పట్టాలో విస్తీర్ణం సరిచూడడం, కరణం దగ్గర నకలు తీసుకోవడం. ఇనాం గ్రామాల రైతులకు ఆక్రమణ హక్కు 1936 సవరణతో వచ్చింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడ్డాక రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. ఎస్టేట్ల రైతుల సాక్ష్యాలు తీసుకున్నాక, 1938లో ఆ సంఘం ఇచ్చిన నివేదిక చీకటి కేసు వాదాన్ని దాని చివరిదాకా తీసుకెళ్లింది: భూమి రైతుది, జమీందారు శిస్తు వసూలు చేసే మనిషి మాత్రమే, శిస్తు 1802 నాటి మట్టానికి దిగిరావాలి. 1939లో మంత్రివర్గం రాజీనామా చేయడంతో అది చట్టం కాలేదు. చివరికి 1948లో 26వ చట్టం జమీందారీలను రద్దు చేసి రైతులకు రైతువారీ పట్టాలిచ్చే దారి తీసింది.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. 1908 నుంచి 1948 దాకా గెలిచింది జమీందారు కింది రైతు. ఆ రైతు కింద కౌలుకు చేసుకునే మనిషి ఆ చట్టాల్లో ఎక్కడా లేడు. ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టల కింద తడి సేద్యం పెరిగాక డెల్టాలో భూమికి గిరాకీ పెరిగింది. పట్టా ఉన్న రైతే దున్నేవాడని చట్టం అనుకుంటున్న కాలంలోనే, చాలా ఊళ్లలో పట్టా ఒకరిది, నాగలి ఇంకొకరిది అయింది. ఎకరానికి ఇన్ని బస్తాలని నోటిమాట మీద కౌలు సాగింది. ఆనాటి రైతు ఉద్యమ నాయకత్వం ఈ రెండో మనిషిని పట్టించుకున్నది తక్కువ. అది ఆ ఉద్యమం మీద నిందగా రాయడం లేదు. ఎవరి హక్కు కోసం పోరాడారో వారికి దక్కింది, అడగనివారికి దక్కలేదు.

హైదరాబాదులో సంగతి వేరు. నిజాం రాజ్యంలో దివానీ గ్రామాలు, జాగీర్లు, నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ గ్రామాలు అని మూడు రకాలు. దివానీ గ్రామాల్లో మొదటి సాలార్‌జంగు సంస్కరణలతో రైతువారీ పద్ధతి, సర్వే వచ్చాయి. రాజ్యంలో సగానికి పైగా నేల ఈ పద్ధతి కిందికి వచ్చింది. పేరుకు అక్కడ ప్రభుత్వానికీ రైతుకూ మధ్య ఎవరూ లేరు. అయితే పాత వసూలుదార్లయిన దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు, ఊరి లెక్కలు తమ చేతిలో ఉండగా, సర్వే జరుగుతున్న కాలంలోనే వేల ఎకరాలు తమ పేర రాయించుకున్నారు. జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖు రాపాక రామచంద్రారెడ్డికి 40 వేల ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాట చరిత్రలో రాశారు. ఆ నేలను తరాలుగా దున్నుతున్నవాళ్లు సర్వే సెటిల్మెంటు పూర్తయ్యేసరికి శిక్మీదార్లయ్యారు, కౌలుదార్లయ్యారు, కొందరు ఏమీ కాకుండా పోయారు.

నిజాం ప్రభుత్వం ఈ విషయం ఎరగనిది కాదు. ఫసలీ 1354లో, అంటే 1944-45లో, అసామీ శిక్మీలకు, అంటే పట్టాదారు కింద సాగు చేసుకునే కౌలుదార్లకు, రక్షణ ఇస్తూ ఒక నిబంధన చేసింది. పదేళ్ల వ్యవధిలో వరసగా ఆరేళ్లు సాగు చేసినవాళ్లను తొలగించకూడదని దాని సారాంశం. 1950 చట్టంలోని ఫసలీ 1342–1352 లెక్క ఇక్కడి నుంచి వచ్చిందే. ఆ నిబంధన ఊళ్లకు చేరలేదు. చేరవేయవలసిన పట్వారీ, పటేళ్లు దేశ్‌ముఖు మనుషులు. పట్వారీ ఉద్యోగం వంశపారంపర్యం. ఎవరు కాస్తులో ఉన్నారో ఏటా రాసేది అతనే. ఒక కలంపోటుతో ఒక సంవత్సరం వదిలేస్తే ఆరేళ్ల వరస తెగిపోతుంది.

అందుకే హక్కు ముందుగా కాగితం మీద కాక కల్లంలో నిలబడింది. పాలకుర్తి చాకలి ఐలమ్మ కథ తెలంగాణలో అందరికీ తెలుసు. కాని దాన్ని ధైర్యసాహసాల గాథగా చెప్పుకుని, అది కౌలు హక్కుకు సంబంధించిన తగాదా అన్న సంగతి మరిచిపోతున్నాం. ఆమె మల్లంపల్లి భూస్వామి దగ్గర భూమి కౌలుకు తీసుకుంది. ఆంధ్ర మహాసభ సంఘంలో చేరింది. ఊరి పట్వారీ పొలానికి ఆమె కుటుంబం వెట్టికి పోవడానికి ఒప్పుకోలేదు. విసునూరు దేశ్‌ముఖు ఆ భూమి తనదని వాదించి, పండిన పంటను ఎత్తుకుపోవడానికి మనుషులను పంపాడు. సంఘం కార్యకర్తలు వచ్చి పంట కోసి ఆమె ఇంటికి చేర్చారు. కేసులు పడ్డాయి, ఆమె వెనక్కి తగ్గలేదు. ఆ రోజు ఆ చేను మీద అమలైన కౌలు చట్టం సంఘమే. కౌలుదారు పంటను కౌలుదారే ఇంటికి తీసుకుపోవాలన్న సూత్రాన్ని ప్రభుత్వం 1950లో అచ్చు వేసింది; పాలకుర్తి దాన్ని నాలుగైదేళ్ల ముందే ఆచరించి చూపింది.

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాక పోరాటం సాయుధ రూపం తీసుకున్న వైనం ఇక్కడ విస్తరించనక్కర్లేదు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదులో ప్రవేశించింది. ఊళ్లొదిలి పారిపోయిన దొరలు అనేకచోట్ల సైన్యం వెనకాలే తిరిగొచ్చారు. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు జరిగింది. పోరాటం 1951 దాకా నడుస్తూనే ఉంది. ఈ రెంటి మధ్యన వచ్చింది 1950 చట్టం. వెల్లోడి ముఖ్యమంత్రి, బూర్గుల రామకృష్ణారావు రెవెన్యూ మంత్రి. భూపోరాటం లేకపోతే ఇంతటి చట్టం ఇంత త్వరగా వచ్చేది కాదన్నది నిర్వివాదం. చట్టం రాసినవాళ్లు భయంతో మాత్రమే రాశారనడం మాత్రం వాళ్లకు అన్యాయం. సెక్షన్ల అల్లిక చూస్తే, భూస్వామి ఏయే దారుల్లో తప్పించుకుంటాడో ముందే ఊహించి ఒక్కో దారికీ అడ్డుకట్ట వేసిన చేతులు కనిపిస్తాయి.

ఒక ఉదాహరణ చాలు. కౌలుదారు తనంతట తాను భూమి వదులుకోవచ్చు. అయితే నోటిమాట చెల్లదు, రాతపూర్వకంగా ఉండాలి. రాసిచ్చిన కాగితమూ చాలదు. అతను తహసీల్దారు ఎదుట నిలబడి తానే రాసిచ్చానని ఒప్పుకోవాలి, అది మనస్ఫూర్తిగా చేసిన పనేనని తహసీల్దారుకు నమ్మకం కలగాలి. బెదిరించి రాయించుకునే అలవాటును ఎరిగినవాళ్లే ఇలాంటి నిబంధన రాయగలరు.

1951లో తాలూకా కచేరీల్లో రక్షిత కౌలుదారుల రిజిస్టర్లు తయారయ్యాయి. ముందు ముసాయిదా జాబితా ఊళ్లో ప్రకటించి, అభ్యంతరాలు విని, తుది జాబితా రాశారు. మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కలిసిన నాటి హైదరాబాదు రాష్ట్రం మొత్తంలో ఆరు లక్షలకు పైగా కౌలుదార్లు, దాదాపు 75 లక్షల ఎకరాలు ఆ రక్షణ కిందికి వచ్చాయి. సాగు భూమిలో ఇది సుమారు నాలుగో వంతు. అదే 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావేకు 100 ఎకరాలు దానమిచ్చారు, భూదానోద్యమం పుట్టింది. ఆ సంఘటనకు స్మారకం ఉంది, పాఠ్యపుస్తకంలో చోటుంది. అదే సమయంలో, ఎవరి దయా కోరకుండా, హక్కుగా లక్షల పేర్లు నమోదవుతున్న రిజిస్టర్లను తలుచుకునేవాళ్లు తక్కువ. ఉర్దూలో రాసిన ఆ పుటలు మన భూచరిత్రలో పోచంపల్లి కంటే పెద్ద ఘట్టమని నేను నమ్ముతాను.

ఆ తర్వాత ఏమైందో లెక్కలతో చెప్పిన మనిషి ఆర్థికశాస్త్రవేత్త ఎ.ఎం. ఖుస్రో. జాగీర్దారీ రద్దు, భూసంస్కరణల ఫలితాల మీద ఆయన చేసిన అధ్యయనం 1958లో అచ్చయింది. 1951లో రక్షిత కౌలుదార్లయిన ప్రతి నూరుమందిలో నాలుగేళ్ల తర్వాత ఆ హోదాలో మిగిలినవారు సుమారు 45 మంది. భూమి కొనుక్కుని యజమానులైనవారు 12 మంది. చట్టప్రకారం తొలగింపుకు గురైనవారు ముగ్గురికి లోపే. చట్టవిరుద్ధంగా బేదఖలైనవారు 22 మంది. స్వచ్ఛందంగా వదులుకున్నట్టు రికార్డయినవారు 17 మందికి పైగా.

ఈ అంకెల్లో అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసేది చివరిది. తహసీల్దారు ఎదుట నిలబడి ఒప్పుకోవాలన్న నిబంధన ఉన్నా ఇంతమంది ఎలా వదులుకున్నారు? ఊరి బలాబలాలు తెలిసినవారికి జవాబు కష్టం కాదు. కౌలుదారు విత్తనాలకు, తిండిగింజలకు అప్పు తెచ్చేది ఆ భూస్వామి దగ్గరే. అతని ఇంటి స్థలం, పశువులు మేసే బీడు, బావి నీళ్లు అన్నీ ఆ చేతి కిందే. తహసీలు దాకా అతన్ని బండెక్కించి తీసుకుపోయేది కూడా భూస్వామి మనిషే. అలాంటివాడు తహసీల్దారు ముందు అవునన్నాడంటే అది ఊళ్లో అంతకుముందే ముగిసిపోయిన బేరం. సంఘం ఉన్నచోట ఆ బేరం కుదరకుండా ఆపే నలుగురు ఉండేవారు. 1951 తర్వాత ఆ సంఘాలు చాలా ఊళ్లలో చెదిరిపోయాయి: నాయకులు జైళ్లలో, కార్యకర్తలు కేసుల్లో. చట్టం ఊళ్లో అడుగుపెట్టిన వేళకే, దాన్ని నిలబెట్టగలిగిన చేతులు ఊళ్లో లేకుండా పోయాయి. చట్టాన్ని తెచ్చిన ప్రభుత్వమే ఆ చేతులను కట్టేసిందన్న బాధ ఈ చరిత్ర చదివినప్పుడల్లా కలుగుతుంది.

1954లో బూర్గుల ముఖ్యమంత్రిగా ఉండగా చట్టాన్ని సవరించి, 38-ఇ అనే సెక్షన్ చేర్చారు. ప్రభుత్వం ప్రకటించిన తేదీ నుంచి రక్షిత కౌలుదారు చేతిలోని భూమి, ఒక పరిమితి మేరకు, దానంతటదే అతని సొంతమవుతుంది. అతను దరఖాస్తు పెట్టనక్కర్లేదు. ఊహించదగిన సెక్షన్లలో ఇంతకంటే బలమైనది లేదు. అయితే ఆ తేదీని 1950ల మధ్యలో ఒకటి రెండు తాలూకాలకు మాత్రమే ప్రకటించారు. మిగతా తెలంగాణకు అది 1973 జనవరి 1న వచ్చింది. పంతొమ్మిదేళ్లు! ఖుస్రో చూపిన ప్రవాహం ఆ పంతొమ్మిదేళ్లూ సాగింది. తేదీ వచ్చేసరికి రిజిస్టర్లో పేరున్నా చేతిలో భూమి లేని కుటుంబాలు వేలకు వేలు.

1979లో శాసనసభ ఒక వివరణ చేర్చింది. తహసీల్దారు ఉత్తర్వు లేకుండా తొలగింపుకు గురైన రక్షిత కౌలుదారు, ప్రకటన తేదీన భూమి మీద లేకపోయినా, ఉన్నట్టే భావించాలి. అతనికి భూమి తిరిగి ఇప్పించాలి. ఉట్నూరు తహసీలు నుంచి వచ్చిన కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్‌బెంచ్ ఈ సెక్షన్లను క్షుణ్ణంగా పరిశీలించి, యాజమాన్యం చట్టబలంతోనే సంక్రమిస్తుందని, స్వాధీనం కోల్పోయినంత మాత్రాన అది పోదని నిలబెట్టింది. ఇరవై, ముప్పై ఏళ్ల పాటు దుమ్ము పట్టిన 1951 రిజిస్టరు దాంతో మళ్లీ ప్రాణం పోసుకుంది. తాత పేరున్న పుట నకలు కోసం మనవలు తహసీలు కార్యాలయాలకు, రికార్డు గదులకు తిరిగారు. హైదరాబాదు చుట్టుపక్కల భూముల ధర పెరిగాక ఆ పుటల మీద వ్యాజ్యాలు కూడా పెరిగాయి. 38-ఇ కేసులు ఈనాటికీ కోర్టుల్లో ఉన్నాయి. 1951లో ఒక్క వరస సరిగా రాసినందుకు డెబ్భై ఏళ్ల తర్వాత ఒక కుటుంబం నిలబడగలిగింది. ఆ వరస రాయనందుకు పక్క కుటుంబానికి చెప్పుకునే ఆధారమే లేదు.

కోస్తా, సీమలకు కౌలు రక్షణ ఆలస్యంగా, పలచగా వచ్చింది. 1956 ఆంధ్ర కౌలు చట్టం కనీసం ఆరేళ్ల కౌలు, కౌలు మొత్తానికి గరిష్ఠ పరిమితి పెట్టింది. 1974 సవరణ దాన్ని మరింత బిగించింది. కాని అక్కడ 1951 నాటి రిజిస్టరు లాంటిది లేదు. ప్రభుత్వం తానుగా ఊరూరా తిరిగి ఎవరు దున్నుతున్నారో రాయలేదు. హక్కు కావాలనుకున్న కౌలుదారు తానే కోర్టుకెక్కి తాను కౌలుదారునని రుజువు చేసుకోవాలి. భూయజమానులు అందుకు తగిన జాగ్రత్త వెంటనే తీసుకున్నారు: కాగితం రాయరు, రశీదు ఇవ్వరు, రెండేళ్లకో మూడేళ్లకో చేను మారుస్తారు. తెలంగాణలోనూ తర్వాతి కాలపు కౌలుకు ఇదే గతి పట్టింది. చట్టం కొత్త కౌలును దాదాపు నిషేధించడంతో, వాస్తవంలో ఉన్న కౌలు కాగితం మీద లేకుండా పోయింది. రక్షణ పెరిగేకొద్దీ కౌలుదారు కనబడకుండా పోవడం వింతగా తోచవచ్చు. రాసే పని యజమాని ఇష్టానికి వదిలిన ప్రతిచోటా అదే జరిగింది.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మునసబు, కరణం, పట్వారీ, పటేల్ పదవులను రద్దు చేసింది. తరాల పెత్తనం ఒక్క ఆర్డినెన్సుతో పోయింది. అది సాహసమైన పని, న్యాయమైన పని. ఊరి ప్రతి చెక్క చరిత్ర నోట్లో పెట్టుకున్న మనుషులు తప్పుకున్నాక అడంగల్‌లో సాగుదారు గడి నింపే పని సడలిపోయిందన్నది కూడా నిజమే. చాలా ఊళ్లలో పట్టాదారు పేరే సాగుదారు గడిలోనూ ఏటా దింపడం అలవాటైంది. బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం, బీమా, మద్దతు ధర అన్నీ ఆ గడిని చూసి వచ్చేవి కాబట్టి, తుపానుకు పంట పోయినవాడు ఒకడు, పరిహారం అందుకున్నవాడు ఇంకొకడు అయ్యారు.

కోనేరు రంగారావు అధ్యక్షతన 2004లో ఏర్పడిన భూమి కమిటీ ఈ సంగతి గుర్తించింది. 2006లో వచ్చిన ఆ నివేదిక తర్వాత, 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. దాని ఆశయం చిన్నది. భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు, ఆ మాట చట్టంలోనే స్పష్టంగా ఉంది. సాగుదారుకు ఏడాదికి చెల్లే రుణ అర్హత కార్డు ఇస్తుంది. అయినా అందులో ఒక మేలు ఉంది: దరఖాస్తు పెట్టేది సాగుదారే, విచారణ ఊళ్లోనే, గ్రామసభలో పేర్లు చదువుతారు, యజమాని సంతకం తప్పనిసరి కాదు. ఊరందరి ఎదుట ఒక పేరు వినిపించడం, ఫలానా చేను చేస్తున్నది ఫలానావాడని నలుగురూ ఒప్పుకోవడం 1951 తర్వాత మళ్లీ ఇప్పుడే జరిగింది. బ్యాంకులు ఆ కార్డు చూసి అప్పులిచ్చింది తక్కువ. పట్టా కాగితం తాకట్టు లేని అప్పుకు మేనేజర్లు వెనుకాడారు.

రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో ఆ చట్టం పుస్తకంలో ఉండిపోయింది. 2018లో మొదలైన రైతుబంధు ఎకరానికి పంటకు 4,000 రూపాయల చొప్పున పట్టాదారుకు ఇచ్చింది, కౌలుదారుకు ఇవ్వలేదు. భూ రికార్డులను ధరణి పోర్టల్‌లోకి ఎక్కించే క్రమంలో అనుభవదారు గడిని తీసేశారు. ఆ గడిలో దొంగ పేర్లు చేర్చి పట్టాదార్లను వేధించిన సందర్భాలు ఉన్నాయన్న ప్రభుత్వ వాదనలో నిజం లేకపోలేదు. కాని తప్పుడు రాతను సరిదిద్దే బదులు రాసే చోటునే తీసేయడం వల్ల, నిజాం కాలపు పహాణీలో కూడా ఉన్న ఒక ప్రశ్న, ఈ చేను దున్నుతున్నదెవరన్న ప్రశ్న, రికార్డులో అడగడమే మానేశారు. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులు రద్దయ్యాక ఆ ప్రశ్న అడిగే మనిషి కూడా ఊళ్లో లేకుండా పోయాడు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 2011 చట్టం స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. కార్డు పేరు ఇప్పుడు పంట సాగుదారు హక్కు పత్రం. పంట రుణం, బీమా, పరిహారం దాని మీద అడగవచ్చు. అది దక్కాలంటే గ్రామ అధికారి ఎదుట యజమాని, సాగుదారు ఇద్దరూ ఒప్పందం మీద సంతకం పెట్టాలి. 1950లో ఆరేళ్లు దున్నితే చాలన్నచోట ఇప్పుడు యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనన్న భయం, 38-ఇ తర్వాతి తరాల నుంచి వస్తున్న భయం, యజమానుల్లో ఇంకా ఉంది. పైగా ఆ భూమి మీద పంట రుణం చాలాసార్లు యజమాని పేర ముందే తీసుకుని ఉంటుంది. అందుకే కౌలు చేసేవాళ్లలో ఎక్కువమంది ఆ పత్రం లేకుండానే సాగు చేస్తున్నారు. పత్రం దక్కినవారికీ దాని గడువు పదకొండు నెలలు. మరుసటి ఏడాది దుక్కికి ముందు సాగుదారు అదే సంతకం కోసం అదే ఇంటికి మళ్లీ వెళ్లాలి.